ఇన్‌వర్డు కార్డు, అవుట్‌వర్డు కార్డు

మా ఆవిడ మేనకోడలి పెళ్ళిని అరగంట పాటు ఆపిన ఘనత నాది. వధువు పారిపోలేదు, వరుడు అలగలేదు, పాస్టరు గారికి జ్వరం రాలేదు. చర్చిలో అందరూ బుద్ధిగా కూర్చున్నారు. నేను మాత్రం అక్కడికి పాతిక కిలోమీటర్ల ఇవతల, మలేషియాలో ఒక టోల్‌గేటు ముందు, ఎర్రదీపం చూస్తూ అద్దె కారులో కూర్చున్నాను. నా పక్క సీటులో వధువు తండ్రి ఉన్నాడు. వెనక డిక్కీలో వధువు మెడలో పడవలసిన పుస్తె ఉంది. ఈ రెంటినీ ఒకే కారులో పెట్టుకొని, ఆ కారును నేనే నడుపుకొని, నా చేతులతో నేనే ఆ గేటు ముందు ఇరుక్కుపోయాను. ఇది ఎనిమిదేళ్ళ కిందటి మాట. రిటైరైన కొత్త. నా అంత పద్ధతైన మనిషి మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇంకొకడు లేడని నేను గట్టిగా నమ్ముతున్న రోజులు.

ఈ ఘనకార్యం అర్థం కావాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాఫీసులో పనిచేశాను. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆఫీసు నుంచి పోయే ప్రతి కాగితానికీ నంబరు వేసి అవుట్‌వర్డు రిజిస్టరులో ఎక్కిస్తారు. వచ్చేది వచ్చేదే, పోయేది పోయేదే. చేరిన ఆరో నెలలో నేను ఒక కాగితాన్ని, అంటే అవుట్‌వర్డు నాలుగు వందల పద్దెనిమిదిని, పొరపాటున ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించాను. మా సూపరింటెండెంటు ఆ రిజిస్టరును సెక్షను మధ్యలో నిలబడి అందరికీ కనిపించేలా పైకెత్తి, "పొయ్యే కాయితం వచ్చిందని రాసినవ్. నువ్వు పొద్దున ఇంట్లకెల్లి వచ్చినవా, ఇంట్లకు పోయినవా? గదన్న ఎరుకనా?" అన్నాడు. పదిహేడు మంది నవ్వారు. మెమో కూడా ఇచ్చారు. ఆ రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా నా చేతిలో వచ్చేదీ పోయేదీ ఎన్నడూ కలవలేదు. ఇంట్లో కూడా కలవనివ్వలేదు. మంచినీళ్ళ బిందెకు వేరే గ్లాసు, తాగిన గ్లాసుకు వేరే బల్ల.

డైరీ సంగతి కూడా చెప్పాలి. పద్దెనిమిదో ఏట నుంచి ఒక్క రోజు తప్పకుండా రాస్తున్నాను, ఊరికి పోతే కాగితాల మీద రాసుకొచ్చి ఇంట్లో ఎక్కిస్తాను. అదీ చిన్నప్పుడు మా మాస్టారు నేర్పిన గ్రాంథికంలోనే రాస్తాను. డైరీ ఎవరూ చదవరన్న ధైర్యంతో అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

మా బామ్మర్ది ప్రభాకర్ కూతురు షీబా మలేషియాలో ఇపో అనే ఊళ్ళో నర్సు. అక్కడే నాలుగు తరాల కిందట రబ్బరు తోటల్లో పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబం కుర్రాడితో పెళ్ళి కుదిరింది. మా వైపు ఆచారం ప్రకారం పెళ్ళికూతురికి రెండు పుస్తెలు కడతారు. ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. పుట్టింటి పుస్తెను పదిలంగా తీసుకువెళ్ళే బాధ్యత నాకు ఇచ్చారు.

"బావ చేతుల వెడితే బ్యాంకు లాకర్ల వెట్టినట్టే," అన్నాడు ప్రభాకర్. ఆ మాట ఆ రోజు డైరీలో ఎక్కించాను.

నేను, మా ఆవిడ సుగుణ నాలుగు రోజులు ముందే కౌలాలంపూర్‌లో దిగాము. ప్రభాకర్ భార్య అంతకన్నా ముందే కూతురి దగ్గరకు చేరింది. ప్రభాకర్‌కు సెలవు దొరకక పెళ్ళికి ముందురోజు సాయంత్రం దిగుతానన్నాడు. అతన్ని వెంటబెట్టుకొని పెళ్ళిరోజు పొద్దున్నే ఇపోకు రావడం మా పని. నా దగ్గర ఇంటర్నేషనల్ లైసెన్సు ఉంది, అక్కడా మన లాగే ఎడమ పక్కనే నడుపుతారు, ఇంకేం కావాలి అనుకొని కారు అద్దెకు తీసుకున్నాను.

కారు ఇచ్చినతను చెప్పాడు. అక్కడి టోల్‌గేట్లలో మనుషులుండరు, డబ్బు చేతికి తీసుకోరు. పెట్రోలు బంకులో ఒక కార్డు కొనుక్కొని, గేటు దగ్గర పెట్టెకు ఆనిస్తే కుంయ్‌మంటుంది, కర్ర లేస్తుంది. నేను వెంటనే బంకుకు వెళ్ళి రెండు కార్డులు అడిగాను.

"రెండు కార్లా?" అన్నాడు బంకతను.

"ఒకటే కారు."

అతను నన్ను చూశాడు, కారును చూశాడు, రెండు కార్డులూ ఇచ్చేశాడు. మంచి మనిషి. ఆ రోజు ఇంకో ప్రశ్న అడిగి ఉంటే ఇంకా మంచి మనిషి అయ్యేవాడు.

రెండెందుకని మీరు కూడా అనుకుంటున్నారేమో. నా లెక్క ఇది. మా శామీర్‌పేట దగ్గర రింగురోడ్డు ఎక్కేటప్పుడు గేటులో చీటీ ఇస్తారు, దిగేటప్పుడు మనం డబ్బు ఇస్తాం. ఎక్కేటప్పుడు ఒక వస్తువు, దిగేటప్పుడు ఇంకో వస్తువు. కాబట్టి కార్డులకు కూడా అదే న్యాయం వర్తించాలి. లాడ్జికి వచ్చి తెల్లకాగితం ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద 'ఇన్‌వర్డు' అని ఎర్ర సిరాతో, రెండోదాని మీద 'అవుట్‌వర్డు' అని నీలం సిరాతో తెలుగులో రాసి అంటించాను.

మూడు రోజులు నగరంలో తిరిగాము. అక్కడి గేట్లలో ఒక్కసారి కార్డు ఆనిస్తే చాలు, పని అయిపోతుంది. లాడ్జి నుంచి పోయేటప్పుడు ఇన్‌వర్డు, తిరిగి వచ్చేటప్పుడు అవుట్‌వర్డు. ప్రతిసారీ కుంయ్‌మంది, ప్రతిసారీ కర్ర లేచింది. తప్పు చేసేవాడికి మొదటి మూడు రోజులూ అన్నీ సవ్యంగా జరగడం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

పెళ్ళిరోజు పొద్దున ఆరున్నరకు బయలుదేరాము. పెళ్ళి పదింటికి. ఇపో రెండున్నర గంటల దారి. ఊరు దాటగానే పెద్ద హైవే మొదలైంది. గేటు దగ్గర ఇన్‌వర్డు కార్డు ఆనించాను. కుంయ్.

"రెండు కార్డులెందుకు బావా?" అన్నాడు ప్రభాకర్.

చెప్పాను. ఇన్‌వర్డు గురించి, అవుట్‌వర్డు గురించి, నాలుగు వందల పద్దెనిమిది గురించి, సూపరింటెండెంటు గురించి. ముప్పై కిలోమీటర్లు పట్టింది.

"అడుగకపోయినా బాగుండు తమ్మీ," అంది సుగుణ వెనక నుంచి.

నడిమి దారిలో చాయ తాగడానికి ఒకచోట ఆగాము. అక్కడే నేను చేయవలసిన పని చేశాను. ఇన్‌వర్డు కార్డు పని అయిపోయింది కదా, పని అయిపోయిన కాగితం బల్ల మీద ఉండకూడదు, కట్టలో చేరాలి. కార్డును కవరులో పెట్టి, దారంతో కట్టి, డిక్కీలోని సూట్‌కేసులో పుస్తె డబ్బా పక్కన భద్రపరిచాను. ఆ సూట్‌కేసును మేడ్చల్‌లో కొన్నప్పుడు దాని తాళానికి నేనొక మూడంకెల నంబరు పెట్టాను గాని, కస్టమ్స్ వాళ్ళు తెరుస్తారేమోనని ఆ రోజు దాకా తాళం వేయలేదు. పరాయి దేశం, పుస్తె ఉన్న పెట్టె. మూడు చక్రాలనూ బొటనవేలితో గిర్రున తిప్పి, లాగి చూసి, తృప్తిగా చాయ తాగాను.

తొమ్మిదింటికి ఇపో గేటు వచ్చింది. అవుట్‌వర్డు కార్డు ఆనించాను. కుంయ్‌మనలేదు. ఎర్రదీపం వెలిగింది. తుడిచి ఆనించాను. తిప్పి ఆనించాను. ఊది ఆనించాను. వెనక శివరాత్రి నాడు కీసర గుట్ట కింద ఉన్నంత వరుస తయారైంది. వాళ్ళు పెద్దమనుషులు, హారన్ కొట్టలేదు. కాని జవహర్‌నగర్ చెత్తగుట్టల మీదుగా గాలి మళ్ళిన రోజున మా కాలనీవాళ్ళ ముఖాలు ఎట్లుంటాయో, అద్దంలో వాళ్ళ ముఖాలు అట్లున్నాయి.

తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆఫీసరమ్మ వచ్చి కారును పక్కకు తీయించింది. ఇంగ్లీషులో, నిదానంగా, చంటిపిల్లలతో మాట్లాడినట్టు అడిగింది.

"అంకుల్, హైవే మీదికి వచ్చినప్పుడు ఏ కార్డు చూపించారు?"

"ఇన్‌వర్డు కార్డు."

"ఇప్పుడు చూపించింది?"

"అవుట్‌వర్డు కార్డు."

"ఎందుకు?"

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను నోరు తెరిచాను. వెనక నుంచి సుగుణ, "మళ్ళ నాలుగు వందల పద్దెనిమిది కాడికెల్లి మొదలువెట్టకుండ్రి," అంది.

ఆఫీసరమ్మ వేలితో కార్డు మీద కొట్టి చెప్పింది. "ఈ కార్డు ప్రకారం మీరు హైవే మీదికి రానే లేదు. రాని మనిషిని నేను బయటికి ఎలా పంపను? ఆ ఇంకో కార్డు ప్రకారం మీరింకా హైవే మీదే తిరుగుతున్నారు. వచ్చిన కార్డుతోనే పోవాలి అంకుల్. ఎక్కడినుంచి వచ్చారో అప్పుడే దానికి తెలుస్తుంది. మీ దేశంలో ఇలాంటివి లేవా?"

"ఉన్నయ్," అన్నాడు ప్రభాకర్ తెలుగులోనే. "శామీర్‌పేట కాడ ఎక్కంగ ఇచ్చిన చీటీనే కీసర కాడ దిగంగ చూపిస్తం గదా బావా. చీటీ జూసే గదా పైసలు చెప్తరు."

నేను ఆ రోడ్డు మీద కనీసం రెండు వందల సార్లు తిరిగి ఉంటాను. రెండు వందల సార్లూ చీటీ చూపించాను. డబ్బు ఇవ్వడం ఒక్కటే గుర్తుంది, చీటీ చూపించడం గుర్తు లేదు.

"గా కార్డు ఏడవెట్టినవ్ బావా? జల్దీ తియ్యి, టైమైతాంది."

"సూట్‌కేసులో."

డిక్కీ తెరిచాము. సూట్‌కేసు ముందు ముగ్గురం వంగాము. ఆఫీసరమ్మ కూడా వంగింది. నేను చక్రాల మీద వేలు పెట్టాను. అప్పుడు తెలిసింది, నా బుర్రలో ఆ నంబరు ఉండవలసిన చోట ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదని.

"ఏమైంది?" అంది సుగుణ.

"నంబరు."

"నంబరుకేమైంది?"

"ఎక్కడో రాసే ఉంటాను."

ప్రభాకర్ శామీర్‌పేట పార్కులో కంచె అవతలి జింక చూసినట్టు నన్ను చూశాడు. "బావా, కార్డు దాంట్లనే ఉంది. పుస్తె గూడ దాంట్లనే ఉంది. నా బిడ్డ చర్చిల నిలవడ్డది. నువ్వు మాత్రం ఎక్కడో రాసినవ్."

కార్డు లేకపోతే మాత్రం దారి లేదా అని ఆఫీసరమ్మను అడిగాను. నాలుగు పేజీల ఫారం నింపాలంది. ఫారం అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది, జేబులో పెన్ను మీదికి చెయ్యి కూడా పోయింది. సుగుణ ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. "ఫారం నింపి పోయినా పుస్తె పెట్టెలనే ఉంటది గదా. పాస్టరు గారి ముందట కూసొని చక్రాలు తిప్పుతరా?"

నిజమే. నంబరు రాసి ఉంటే ఇంట్లో ఉన్న డైరీలోనే రాసి ఉంటాను. మా ఇంటి తాళంచెవి పక్కింటి యాదగిరి దగ్గర ఉంది, చెట్లకు నీళ్ళు పోస్తానని తీసుకున్నాడు. కరీంనగర్ రోడ్డు బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. మేడ్చల్‌లో అప్పుడు టైము ఆరూ నలభై. ఫోను చేశాను. రాసుకోవడానికి నాకు చేతులు ఖాళీగా ఉండాలని సుగుణ ఫోనును స్పీకరులో పెట్టి పట్టుకుంది.

"యాదగిరీ, బల్ల మీద ఈ సంవత్సరం డైరీ ఉంటుంది. ఈస్టర్ దాటిన వారంలో చూడు. సూట్‌కేసు కొన్న రోజు."

"దొరికింది సార్. ఈస్టర్ కాడికెల్లి సదువుతున్న."

"అన్నీ వద్దు. సూట్‌కేసు ఒక్కటే చూడు."

"గట్ల గాదు సార్. ఒక్కొక్క స్టేజీ చెప్పుకుంటనే పోవాలె. నడుమ దుంకితే నేను తప్పిపోత."

నేను ఆపేలోపు యాదగిరి స్టేజీల పేర్లు పిలిచే గొంతుతో మొదలుపెట్టాడు.

"'సోమవారము. ప్రభాకర్ వచ్చెను. రెండు గంటలు కూర్చుండెను. పోవు సూచనలు లేవు. గడియారము వైపు మూడు మార్లు చూచితిని. అర్థము కాలేదు.'"

ప్రభాకర్ నా చేతి గడియారం వైపు చూశాడు.

"గా దినం పెండ్లి మాట చెప్పుదామని వచ్చిన బావా," అన్నాడు ప్రభాకర్ మెల్లగా.

"'మంగళవారము. సుగుణ పులుసు చేసెను. ఉప్పు మిక్కిలి. చాల బాగున్నదని చెప్పితిని. మరల వడ్డించెను.'"

సుగుణ ఫోనును కొంచెం పైకి పట్టుకుంది, ఇంకా స్పష్టంగా వినబడాలని.

"'బుధవారము. శామీర్‌పేట చెరువు కట్ట మీద నడక. పక్కింటి యాదగిరి ఎదురుపడెను. మాటలలో పెట్టునని చూడనట్లు పోయితిని.'"

అక్కడ యాదగిరి ఆగాడు.

"సార్," అన్నాడు చివరికి, "గిది నా మీదనే ఉన్నట్టుంది."

"యాదగిరీ, అది..."

"పర్లే సార్. పెండ్లి పని. ముందుకు పోదాం. 'గురువారము. సూట్‌కేసు కొంటిని. తాళమునకు మూడంకెల సంఖ్య అమర్చితిని.'"

పెన్ను తీశాను.

"'ఈ సంఖ్య అన్యులకు తెలియరాదు కావున ఇందు వ్రాయుట లేదు.'"

పెన్ను మూశాను.

"ఇంకొక్క లైనున్నది సార్. 'జన్మలో మరువజాలని సంఖ్యనే పెట్టితిని.' గంతే. శుక్రవారం సదువాల్నా?"

"వద్దు," అన్నాము ముగ్గురం ఒకేసారి. ఫోను పెట్టేశాము.

తొమ్మిదిన్నర అయింది. ప్రభాకర్ ఫోను మోగుతోంది, పాస్టరు గారు మొదటి పాట మొదలుపెట్టించారని అటునుంచి అతని భార్య. సుగుణ నన్ను పక్కకు జరిపి సూట్‌కేసు ముందు కూర్చుంది. "జన్మల మరువని నంబరంటే నాకు దెలుసు," అంటూ చక్రాలు తిప్పింది. మా పెళ్ళి తారీఖు, నెల. తెరుచుకోలేదు.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను డైరీలో కూడా రాయలేదు.

"మా నాయిన పోయిన తారీఖు కూడా కాకపోవచ్చు," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

సుగుణ చిన్నగా నవ్వింది. చక్రాలు ఒక్కొక్కటే తిప్పుతూ పైకి చదివింది. "నాలుగు. ఒకటి. ఎనిమిది."

టక్కుమని తెరుచుకుంది.

"పెండ్లైన మూడో నాడు మొదలువెట్టిండ్రు ఈ నాలుగు వందల పద్దెనిమిది," అంది. "ముప్పయ్యేండ్ల సంది వింటున్న. మీరు మరిచినా నేను మరువ."

పుస్తె డబ్బా ప్రభాకర్ చేతిలో పెట్టింది. కవరు విప్పి ఇన్‌వర్డు కార్డు ఆఫీసరమ్మకు ఇచ్చింది. ఆమె ఆనించింది. కుంయ్. కర్ర లేచింది. హైవే మీద తిరుగుతున్న నేను అధికారికంగా బయటికి వచ్చాను.

"ఒక్క కార్డు, అంకుల్," అంది ఆఫీసరమ్మ, ఒక వేలు చూపిస్తూ. ప్రభాకర్ కూడా ఒక వేలు చూపించాడు. సుగుణ చూపించలేదు. ఆమెకు అవసరం లేదు.

మేము చర్చికి చేరేసరికి పదిన్నర. పాడేవాళ్ళు ఆరో పాటలో ఉన్నారు, మొదటి వరుసలో ముసలాయన ఒకరు నిద్రలో ఉన్నారు. ప్రభాకర్ పరుగున వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించాడు. రెండు పుస్తెలూ కట్టారు. భోజనాల దగ్గర షీబా నా పక్కకు వచ్చి కూర్చుంది. తండ్రి అప్పటికే అంతా చెప్పేసినట్టున్నాడు.

"మామయ్యా, నేను గీ ఇంటికి ఇన్‌వర్డా, అవుట్‌వర్డా? ఏ రిజిస్టర్ల ఎక్కియ్యాలె?"

భోజనాల బల్ల దగ్గర పదిహేడు మందికి పైగానే నవ్వారు. లెక్కపెట్టాను, అలవాటు.

తిరుగు ప్రయాణంలో కార్డు సుగుణ చేతిలో ఉంది. నేను కారు మాత్రమే నడిపాను. "టోల్‌గేటు దగ్గర ఆపబట్టి పెట్టె అక్కడే తెరిచాం, లేకపోతే చర్చిలోనే పరువు పోయేది," అని ఒకసారి అనిచూశాను. "అవును, మస్తు మేలు జేసిండ్రు," అంది ఆమె. ఇంటికి వచ్చాక నెల రోజులు పులుసులో ఉప్పు అసలే వేయలేదు. చాలా బాగుందని రోజూ చెప్పాను.

మేడ్చల్ చేరిన రోజు డైరీ తెరిచి చూస్తే, బుధవారం పేజీలో నా రాత కింద ఇంకొకరి చేతిరాత ఉంది. 'నేను గూడ గా దినం మిమ్ముల జూసిన సార్. జూడనట్టే పోదామనుకున్న. మీరే ముందుగాల పోయిండ్రు. - యాదగిరి.' ఆ తర్వాత మేమిద్దరం చెరువు కట్ట మీద కలిసే నడుస్తున్నాము. చూడనట్టు పోవడానికి ఇద్దరికీ ముఖం చెల్లలేదు.

కాబట్టి పెద్దలారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ భూమి మీద ఏ దేశంలోనైనా, ఏ రోడ్డు మీదనైనా, లోపలికి వచ్చిన కార్డుతోనే బయటికి పోతాను. పని అయిపోయిందనుకున్న దేన్నీ ప్రయాణం ముగిసేదాకా కట్టలో కట్టను. తాళం నంబరును జ్ఞాపకానికి వదలను. సూట్‌కేసుకు కొత్త నంబరు పెట్టి, ఈసారి డైరీలో స్పష్టంగా, ఎర్ర సిరాతో రాశాను.

ఆ డైరీ మళ్ళీ యాదగిరి కంట పడకుండా సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను.